ఐసీయూలో మత్తు ఎంతుందో నర్సు చెప్పే లెక్క ఎంతవరకు సరైనది? తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలోని ఒక ఊళ్లో 14 ఏళ్లుగా ఐసీయూ నర్సుగా పనిచేస్తున్నాను. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి మత్తు ఎంత ఎక్కింది, అది ఎవరు చూస్తారు, వాళ్లు చూసింది నిజమేనా అని అమలాపురం వైపు నుంచి వచ్చినవాళ్లూ అడుగుతారు, నరసాపురం వైపు నుంచి వచ్చినవాళ్లూ అడుగుతారు. ఐసీయూలో కొత్తగా చేరిన సిస్టర్లకూ ఇవే సందేహాలు, మాటలు మాత్రం వేరు. అందుకే ఇద్దరి ప్రశ్నలూ కలిపి రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. డోసులు ఎక్కడా రాయలేదు. అవి మీ రోగిని కళ్లారా చూస్తున్న డాక్టరు తేల్చాల్సినవి.

## అడ్మిట్ చేసిన రాత్రి

మిషన్ ఎక్కించాక పిలిస్తే పలకట్లేదు. కోమాలోకి వెళ్లిపోయాడా?

చాలామంది విషయంలో కాదు. గొంతులోకి ట్యూబు వేసేటప్పుడు నొప్పి, భయం తెలియకుండా మత్తు ఇస్తారు, కండరాలు కాసేపు కదలకుండా ఇంకో మందు ఇస్తారు. ఆ తర్వాత కూడా సిరంజి పంపు నుంచి మత్తు మందు కొద్దికొద్దిగా వెళ్తూ ఉండొచ్చు. ట్యూబు స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్తుంది కాబట్టి పూర్తి మెలకువలో ఉన్నా గొంతు పలకదు. "ఇది మందు వల్ల వచ్చిన నిద్రా, జబ్బు వల్ల వచ్చినదా?" అని డాక్టరుని అడగండి. అలా అడిగితేనే మీకు ఉపయోగపడే జవాబు దొరుకుతుంది.

అసలు మత్తు ఎందుకండీ? మెలకువగానే ఉంచొచ్చుగా?

కొందరిని ఉంచుతాం కూడా. ట్యూబుని ఓర్చుకుని, మిషన్‌తో కలిసి ఊపిరి తీసుకుంటూ, సైగలతో మాట్లాడే రోగులు ఉంటారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని మిషన్‌తో పెనుగులాడేవారికి, తలకు గాయమై మెదడు వాచినవారికి, ఫిట్స్ ఆగనివారికి మత్తు తప్పదు.

ఎంత మత్తులో ఉన్నాడో చూసేది డాక్టరా, నర్సా?

ఇంత మత్తు చాలని లక్ష్యం రాసేది డాక్టరు. ఆ లక్ష్యం దగ్గర ఉన్నాడా లేదా అని రోజంతా కనిపెట్టి చూసేది నర్సు. డాక్టరు రౌండ్లకు వచ్చి మంచం దగ్గర కొన్ని నిమిషాలు ఉంటారు, నర్సు షిఫ్టు మొత్తం అక్కడే ఉంటుంది. పంపు పెంచడం, తగ్గించడం అన్నీ నర్సు రాసిన నంబరుని బట్టే జరుగుతాయి. ఆ నంబరు తప్పయితే దాని వెనకాల వెళ్లే మందూ తప్పే.

నొప్పి మందు, మత్తు మందు ఒకటేనా?

కాదు. ఫెంటానిల్, మార్ఫిన్ నొప్పిని తగ్గించేవి. మిడజోలామ్, పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్, డెక్స్‌మెడెటోమిడిన్ నిద్ర పుచ్చేవి, శాంతపరిచేవి. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి నిద్రమందు మాత్రమే పెంచితే అతను కదలడు, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ముందు నొప్పి చూసి, తర్వాత మత్తు చూడాలి. మాట్లాడలేనివారికి ముఖం చిట్లించడం, కాళ్లూ చేతులూ బిగించడం, మిషన్‌తో పెనుగులాడటం చూసి నొప్పి లెక్కవేసే పద్ధతులు ఉన్నాయి. బీపీఎస్ అనే కొలత 3 నుంచి 12 వరకు, సీపాట్ అనేది 0 నుంచి 8 వరకు ఉంటుంది. పక్క మార్చేటప్పుడు, సక్షన్ చేసేటప్పుడు (ట్యూబులోంచి కఫం లాగేటప్పుడు) ముఖం చూడండి, మీకే తెలుస్తుంది.

చేతులు మంచానికి కట్టేశారు. అంత అవసరమా?

సగం మెలకువలో ఉన్న మనిషి చెయ్యి మొట్టమొదట వెళ్లేది గొంతులోని ట్యూబు మీదికి. లాగేస్తే ఆ క్షణంలోనే ఊపిరి ప్రమాదంలో పడుతుంది. అయినా కట్టడం అలవాటుగా మారకూడదు. రోగి ఎందుకు కదులుతున్నాడో, అంటే నొప్పా, మూత్రం నిండిపోయిందా, ఊపిరి అందడం లేదా అని చూసిన తర్వాతే కట్టాలి. మీరు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోగలిగితే అంతసేపూ విప్పమని అడగండి. నేనైతే విప్పుతాను.

## కొలత వేసేటప్పుడు

రాస్ స్కోర్ అంటే ఏంటి?

రోగి ఎంత మెలకువగా, ఎంత శాంతంగా ఉన్నాడో చెప్పే పది మెట్ల కొలత. అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు కలిసి తయారుచేశారు, 2002లో అచ్చయింది. మధ్యలో 0 ఉంటుంది: మెలకువగా, ప్రశాంతంగా ఉన్న మనిషి. పైకి వెళ్లే కొద్దీ ఆందోళన. ప్లస్ 1 అంటే కుదురులేకపోవడం, ప్లస్ 2 అంటే తరచూ కొట్టుకోవడం, మిషన్‌తో పెనుగులాడటం, ప్లస్ 3 అంటే ట్యూబులు లాగడం, ప్లస్ 4 అంటే మనుషుల మీదికి రావడం. కిందికి వెళ్లే కొద్దీ మత్తు. పిలిస్తే కళ్లు తెరిచి 10 సెకన్లకు పైగా మన కళ్లలోకి చూస్తే మైనస్ 1. చూసి 10 సెకన్లలోపే మళ్లీ మూసేస్తే మైనస్ 2. కదిలినా, కళ్లు తెరిచినా చూపు మన మీద నిలపకపోతే మైనస్ 3. పిలుపుకి ఏమీ లేక, తట్టి కుదిపితేనే కదిలితే మైనస్ 4. దేనికీ కదలకపోతే మైనస్ 5.

ఇంతకు ముందు నుంచీ వాడుకలో ఉన్నది రామ్సే కొలత, 1974 నాటిది. ఇంకొన్ని చోట్ల 1 నుంచి 7 దాకా ఉండే శాస్ వాడతారు. మీ యూనిట్‌లో ఏది వాడినా అందరూ అదే వాడాలి.

నిజంగా లేపి చూస్తారా, దూరం నుంచి చూసి రాసేస్తారా?

సరిగ్గా చేస్తే అర నిమిషం పని. ముందు ఏమీ అనకుండా, ముట్టుకోకుండా కొన్ని సెకన్లు చూడాలి. శాంతంగా మెలకువగా ఉన్నాడా, కుదురు లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది. మెలకువ లేకపోతే పేరు పెట్టి గట్టిగా పిలిచి, కళ్లు తెరిచి నావైపు చూడమని చెప్పాలి. జవాబు లేకపోతే ఇంకోసారి పిలవాలి. అప్పటికీ లేకపోతేనే భుజం కుదపాలి, ఆ తర్వాతే రొమ్ము ఎముక మీద పిడికిలితో నొక్కాలి.

ఈ వరుస తప్పకూడదు. వెళ్లీ వెళ్లగానే భుజం కుదిపితే, పిలుపుకే లేచే మనిషా కాదా అన్నది ఇక ఎప్పటికీ తెలియదు. మెట్ల మధ్య తేడా ఉన్నదే అక్కడ.

పిలవడం అంటే ఎలా పిలవాలో కూడా చెప్పాలి. కేస్ షీట్‌లో ఉన్న ఇంటిపేరుతో సహా చదివితే ఎవరూ కళ్లు తెరవరు. ఇంట్లో ఏమని పిలుస్తారో వాళ్లవాళ్లనే అడుగుతాను. "బాబాయిగారూ, ఓసారి కళ్లు తెరిసి నాకేసి సూడండి" అంటే లేచిన పెద్దాయన, అంతకు ముందు "ఓపెన్ యువర్ ఐస్" అన్నప్పుడు కదలలేదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన సిస్టర్లు చాలా బాగా పనిచేస్తారు. ఈ ఒక్క వాక్యం మాత్రం మన యాసలో నేర్చుకోమని వాళ్లను బతిమాలుతుంటాను.

"మైనస్ 2 దగ్గర ఉంచండి" అని రాశారు. అంటే నేనేం చేయాలి?

పిలిస్తే కళ్లు తెరవాలి, మీవైపు చూడాలి, మళ్లీ నిద్రలోకి జారుకోవాలి. అంతకన్నా లోతుకి వెళ్తే పంపు తగ్గించాలి, ఎప్పుడు ఎంత తగ్గించాలో ఆర్డర్‌లో ఉండాలి. లేకపోతే ఫోన్ చేసి అడగండి. ప్రత్యేక కారణం లేని రోగులకు తేలికపాటి మత్తే మేలని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సాధారణంగా మైనస్ 2 నుంచి ప్లస్ 1 మధ్య.

జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్) రాస్తున్నాం కదా, మళ్లీ ఇదెందుకు?

జీసీఎస్ తలకు దెబ్బ తగిలినవారి మెదడు ఎలా ఉందో చూడటానికి వచ్చింది. ట్యూబు ఉన్నవాడికి మాట మార్కులు వేయలేం. పైగా జీసీఎస్‌లో ఆందోళనకు చోటే లేదు. ట్యూబు పీకేయబోతున్న మనిషికీ, శాంతంగా చూస్తున్న మనిషికీ ఒకే అంకె రావచ్చు. రెండూ రాయండి, ఒకదాని బదులు ఇంకొకటి వద్దు.

ఎన్ని గంటలకోసారి చూడాలి?

మా దగ్గర రెండు గంటలకోసారి, డోసు మార్చిన ప్రతిసారీ చూస్తాం. యూనిట్‌ని బట్టి ఇది మారుతుంది.

నుదుటి మీద పట్టీ పెట్టి నంబరు చూపించే మిషన్ ఉందట కదా. అది నర్సు కన్నా నయం కాదా?

బిస్ అంటారు. మెదడు తరంగాలను 0 నుంచి 100 మధ్య ఒక అంకెగా చూపిస్తుంది. ఆపరేషన్ థియేటర్‌లో, ఐసీయూలో కండరాలు సడలించే మందు నడుస్తున్న రోగి దగ్గర అది పనికొస్తుంది. అలాంటి రోగి దేనికీ కదలడు కాబట్టి పిలిచి చూసే ఏ కొలతా పనిచేయదు. మిగతా రోగుల్లో నుదుటి కండరం కదిలినా ఆ అంకె పెరిగిపోతుంది, నొప్పి ఉందో లేదో అది చెప్పదు. పిలిస్తే పలకగల మనిషిని పిలిచి చూడటమే మంచి పద్ధతి.

## నర్సు రాసిన నంబరు ఎంతవరకు నిజం

సిస్టర్ వేసిన స్కోరు నమ్మొచ్చా? సూటిగా చెప్పండి.

నేర్పించి, వరుస ప్రకారం చేయిస్తే నమ్మొచ్చు. ఇద్దరు మనుషులు విడివిడిగా చూసి ఒకే అంకె చెప్పడం కాకతాళీయమా కాదా అని తేల్చే లెక్క ఒకటి ఉంది, కప్పా అంటారు. 0 వస్తే గుడ్డిగా చెప్పినట్టు, 1 వస్తే పూర్తిగా కలిసినట్టు. 2002, 2003 సంవత్సరాల్లో రాస్ మీద వచ్చిన అధ్యయనాల్లో మంచం పక్క నర్సుల స్కోర్లు శిక్షణ పొందిన ఇతర పరిశీలకుల స్కోర్లతో బాగా కలిశాయి. అందుకే 2013 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు రాస్, శాస్ కొలతలను అన్నిటికన్నా నమ్మదగినవిగా ఎంచాయి.

అయితే అవి అధ్యయనం జరుగుతున్నప్పటి స్కోర్లు. పక్కన ఇంకొకరు చూస్తున్నారని తెలిసి, పనిగట్టుకుని నిలబడి వేసినవి. రాత్రి మూడింటికి, ఒక నర్సు ముగ్గురు వెంటిలేటర్ రోగులను చూస్తున్నప్పుడు అదే శ్రద్ధ నిలుస్తుందా? వెంటిలేటర్ మీద ఒక రోగికి ఒక నర్సు ఉండాలన్నది మన దేశంలో చెప్పే ప్రమాణమే. మీ యూనిట్‌లో ఎలా ఉందో మీకు తెలుసు. స్కోరు తప్పయిందంటే నర్సు కళ్లు, చెవుల సంగతి తర్వాత, ముందు ఆమెకు ఆ అర నిమిషం దొరికిందో లేదో అడగాలి.

మరి అసలు పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

నా అనుభవంలో అంకె వేయడంలో కన్నా ఆ అంకెకి అర్థం చెప్పుకోవడంలో ఎక్కువ జరుగుతోంది. 2007లో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనం నన్ను చాలా కలవరపెట్టింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిని వేల సార్లు పరిశీలించారు. 32 శాతం సార్లు రోగులు దాదాపు లేపలేని స్థితిలో ఉన్నారు. కానీ "మత్తు ఎక్కువైంది" అని నర్సులు అనుకున్నది 2.6 శాతం సార్లే. చూసింది సరిగ్గానే చూశారు, రాశారు. అది ఎక్కువ అని మాత్రం అనిపించలేదు.

ఎందుకు అనిపించదో నాకు తెలుసు. కదలకుండా పడుకున్న రోగి ట్యూబు లాగడు, అలారం మోగదు, చుట్టాలు కంగారుపడరు, డాక్టరు విసుక్కోరు. "పేషెంట్ బాగా సెటిలయ్యాడు" అంటాం. ఆ మాట నేనూ ఎన్నో ఏళ్లు అన్నాను. సెటిలవ్వడం అంటే మైనస్ 4 కాదని, పిలిస్తే కళ్లు తెరిచి చూసి మళ్లీ హాయిగా కళ్లు మూసుకోవడమని ఇప్పుడు ప్రతి కొత్త సిస్టర్‌కీ మొదటి వారంలోనే చెబుతున్నాను.

అసలు చూడకపోవడం ఇంకో సంగతి. ఫ్రాన్స్‌లో 44 ఐసీయూల్లో చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. అక్కడ రెండో రోజున 72 శాతం మంది రోగులకు మత్తు మందు నడుస్తుంటే, మత్తు ఎంతుందో కొలిచి చూసింది 43 శాతం మందికే.

నేను మైనస్ 1 వేశాను, సీనియర్ మైనస్ 3 అన్నారు. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ సరే కావచ్చు. మీరు చూసింది ఫిజియోథెరపీ అయిన వెంటనే కావచ్చు, ఆమె వచ్చింది ఫెంటానిల్ ఇచ్చిన పది నిమిషాలకు కావచ్చు. ఒకే సమయంలో ఇద్దరూ కలిసి చూసినా తేడా వస్తే, పది సెకన్లు లెక్కపెట్టారా అని అడగండి. మైనస్ 1, మైనస్ 2, మైనస్ 3ల మధ్య ఉన్నది చూపు నిలవడం ఒక్కటే. కళ్లు తెరుచుకోవడం వేరు, మనల్ని చూడటం వేరు. పైకప్పు వైపు తెరుచుకున్న కళ్లని "చూశాడు" అని రాసేస్తుంటాం.

చెవి కూడా చూసుకోవాలి. ముమ్మిడివరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు రెండు షిఫ్టులు వరసగా మైనస్ 4 రాశారు. మధ్యాహ్నం కూతురు వచ్చి, మేం రోజూ నిలబడే ఎడమ పక్కన కాకుండా మంచం చుట్టూ తిరిగి కుడి వైపుకు వెళ్లింది. "ఎడమ చెవి వినపడదండి నాన్నగారికి" అంటూ కుడి చెవి దగ్గర వంగి పిలిచింది. ఆయన కళ్లు తెరిచి, ఆ అమ్మాయి ముఖం మీంచి చూపు తిప్పలేదు. నేను మనసులో పదీ, పదిహేనూ లెక్కపెట్టాను. మైనస్ 1. ఆ రోజే పంపు తగ్గించాం. అప్పటినుంచి అడ్మిషన్ కాగితం మీద "వినికిడి: ఏ చెవి?" అని చేత్తో రాసుకుంటున్నాను. కళ్లజోడు, వినికిడి మిషన్ ఇంటి దగ్గర ఉంటే తెమ్మని కూడా చెబుతాను.

చార్టులో రాత్రంతా మైనస్ 2, మైనస్ 2 అని ఒకటే ఉంది. అలా ఉంటుందా?

ఉండటం అరుదు. పక్క మార్చినప్పుడు, సక్షన్ చేసినప్పుడు, తెల్లవారుజామున మనిషి మారతాడు. నేను ఉద్యోగం మొదలుపెట్టిన ఆసుపత్రిలో డ్యూటీ దిగే ముందు గళ్లన్నీ ఒకేసారి నింపే అలవాటు ఉండేది, నేనూ నింపాను. అలా నింపిన ఒక రాత్రి తెల్లారి ఆ రోగి మందు పూర్తిగా ఆపినా సాయంత్రం దాకా లేవలేదు. మిడజోలామ్ అంతా ఒంట్లో పేరుకుపోయిందని అప్పుడు తెలిసింది. చూడలేకపోతే ఖాళీ వదిలి "చూడలేదు" అని రాయండి. ఖాళీ గడి చూసి తర్వాతి సిస్టర్ వెళ్లి లేపుతుంది. తప్పు అంకె చూస్తే లేపదు.

రాత్రి నిద్రపోతున్నవాణ్ణి కూడా లేపాలా?

పగలంతా 0, మైనస్ 1 దగ్గర ఉండి, మందు డోసు మారకుండా ఉన్నవాణ్ణి నిద్రపోనివ్వండి. ఎలాగూ పక్క మార్చడానికో, మందు ఇవ్వడానికో వెళ్తారు, అప్పుడే చూడండి. లోతు మత్తులో ఉన్నవాడి విషయంలో "నిద్రపోతున్నాడు" అనుకుని వదలొద్దు.

పాము కరిచిన కుర్రాడు. కళ్లు తెరవడు, కదలడు. మైనస్ 5 రాయనా?

ఆగండి. ఇది మన ప్రాంతంలో తప్పనిసరిగా తెలియాల్సిన సంగతి. సార్వా (వానాకాలం పంట) రోజుల్లో నేల మీద, అరుగు మీద పడుకున్నవాళ్లను కట్లపాము రాత్రిపూట కాటేస్తుంది. కాటు దగ్గర వాపు, నొప్పి పెద్దగా ఉండవు. కొన్ని గంటల్లో కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత గొంతు, ఊపిరి కండరాలు పడిపోతాయి. విషం దెబ్బతీసేది నరం కండరాన్ని కలిసే చోటుని. మెదడు మెలకువగానే ఉంటుంది. కంటిపాప వెలుతురుకు స్పందించకపోయినా సరే, లోపల మనిషి వింటూ ఉండొచ్చు.

లంక గ్రామం నుంచి వచ్చిన ఒక కుర్రాడికి చార్టులో మైనస్ 5 అని ఉంది. రొమ్ము మీద నొక్కి నొక్కి చర్మం కమిలింది. నేను వేళ్లతో రెండు రెప్పలూ పైకెత్తి పట్టుకుని, "నీకు వినబడుతుంటే కాలి బొటనవేలు కదుపు నాయనా" అన్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత కుడి కాలి బొటనవేలు గోరంత కదిలింది. మళ్లీ కదపమన్నాను, మళ్లీ కదిలింది. నాలుగు రోజులకు ట్యూబు తీశాక, తన మంచం దగ్గర ఎవరెవరు ఏమన్నారో చెప్పాడు. "ఇక కష్టం" అన్న మాట కూడా విన్నాడు.

కాబట్టి కట్లపాము లాంటి పాము కాటుతో కండరాలు పడిపోయినప్పుడు, కండరాలు సడలించే మందు నడుస్తున్నప్పుడు రాస్ వేయకూడదు. "పక్షవాత స్థితి, కొలవలేం" అని రాసి, మెలకువగానే ఉన్నాడనుకుని చూసుకోవాలి. చేసే ప్రతి పనీ చెప్పి చేయండి. కళ్లు ఎండిపోకుండా మూసి తడిగా ఉంచండి. గుండె వేగం, బీపీ హఠాత్తుగా పెరగడం, కళ్ల చివర నీళ్లు రావడం చూస్తే భయమో నొప్పో ఉండొచ్చు. డాక్టరుకి చెప్పండి.

పురుగుల మందు తాగిన కేసు. దుప్పటి లాగుతూ గాల్లో ఏదో పట్టుకుంటున్నాడు. ప్లస్ 2 రాసి మత్తు పెంచనా?

ప్లస్ 2 రాయండి. మత్తు పెంచే ముందు అట్రోపిన్ (ఈ విషానికి విరుగుడుగా ఇచ్చే మందు) ఎక్కువైందేమో చూడండి. ఒళ్లు కాలిపోతోందా, చంకలు పొడిగా ఉన్నాయా, కంటిపాపలు బాగా విచ్చుకున్నాయా, పొట్ట మీద స్టెత్ పెడితే పేగుల శబ్దం లేదా, మూత్రం ఆగి పొట్ట ఉబ్బిందా. ఇవి ఉంటే అయోమయం అట్రోపిన్ వల్లే కావచ్చు, వెంటనే డాక్టరుకి చెప్పాలి. చంకల్లో చెమట, నోట్లో చొంగ, ఊపిరితిత్తుల్లో గురగుర ఉంటే విషమే ఇంకా పనిచేస్తోందని అర్థం.

రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఇంకో ప్రమాదం ఉంది. మనిషి నీరసంగా, మత్తుగా ఉన్నట్టే కనిపిస్తాడు. దిండు మీంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే అది మత్తు కాకపోవచ్చు. మెడ కండరాలు, వాటితోపాటు ఊపిరి కండరాలు బలహీనపడుతున్నాయి. అప్పుడు "సెడేషన్ తగ్గించాం, చూద్దాం" అని కూర్చోకూడదు.

మందు తాగే అలవాటు ఉన్న రోగి మూడో రోజు చెలరేగిపోతున్నాడు.

మానేసిన సారా కోసం ఒళ్లు చేసే గొడవ కావచ్చు. రోజూ ఎంత తాగేవాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో ఇంట్లోవాళ్లు సిగ్గుపడకుండా మొదటి రోజే చెప్పాలి. దీనికి వైద్యం వేరే ఉంది.

## మందు తగ్గించి లేపేటప్పుడు

పొద్దున్నే మత్తు ఆపేసి ఎందుకు లేపుతున్నారు? పాపం, పడుకోనివ్వొచ్చుగా?

లేపితే మిషన్ తొందరగా తీయగలం కాబట్టి. షికాగోలో 128 మంది మీద చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. రోజుకోసారి మత్తు ఆపి లేపినవారు సగటున 4.9 రోజుల్లో వెంటిలేటర్ నుంచి బయటపడితే, లేపనివారికి 7.3 రోజులు పట్టింది. లేపినప్పుడు మెదడు ఎలా ఉందో కూడా చూడగలం. మొదటి 48 గంటల్లోనే లోతైన మత్తులో ఉన్నవారికి ట్యూబు తీయడం ఆలస్యమైందని, మరణాలు కూడా ఎక్కువగా కనిపించాయని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల నుంచి 2012లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఫిట్స్ ఆగనివారిని, మెదడులో ఒత్తిడి పెరిగినవారిని, కండరాలు సడలించే మందు నడుస్తున్నవారిని ఇలా లేపరు.

మందు ఆపి రెండు రోజులైంది. ఇంకా లేవలేదు.

మిడజోలామ్ ఒంట్లోంచి పోవడానికి కాలేయం, కిడ్నీలు రెండూ పనిచేయాలి. అవి దెబ్బతిన్నవారిలో, వయసు పైబడినవారిలో, చాలా రోజులు వాడినవారిలో ఆపిన తర్వాత కూడా రోజుల తరబడి మత్తు ఉండొచ్చు. అలాగని "మందే, పోతుందిలే" అని ఊరుకోకూడదు. షుగర్, సోడియం, పక్షవాతం, బయటికి కనిపించని ఫిట్స్ చూడాలి. రోజురోజుకీ స్కోరు ఒక్కో మెట్టు పైకి వస్తోందా లేదా అన్నది ఇక్కడ చాలా విలువైన సమాచారం. మైనస్ 5 నుంచి మైనస్ 4కి రావడం మీకు ఏమీ కాదనిపిస్తుంది, మాకు మాత్రం ఆశ చిగురిస్తుంది.

లేచాడు గానీ ఏదేదో మాట్లాడుతున్నాడు, గోడ మీద ఎవరో ఉన్నారంటాడు. గాలి సోకిందేమోనని మా అత్తగారి భయం.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయను. మనిషి మనిషిలా లేకపోతే ఎవరికైనా భయమే. దీన్ని డెలీరియం అంటారు. జ్వరం, మందులు, నిద్రలేమి, రాత్రీ పగలూ తెలియని ఐసీయూ వెలుతురు వల్ల మెదడు తాత్కాలికంగా గాడి తప్పుతుంది. తాయెత్తు కడితే కట్టండి, ట్యూబులకు అడ్డం రాకుండా చూస్తే చాలు.

ఇంకో రకం డెలీరియం అరవదు, కదలదు. మాట్లాడించినప్పుడు జవాబు ఇవ్వకుండా శూన్యంలోకి చూస్తూ ఉంటాడు. "ఇప్పుడు బుద్ధిగా ఉన్నాడు" అనుకుంటాం. దాన్ని పట్టుకోవడానికి క్యామ్ ఐసీయూ అనే చిన్న పరీక్ష ఉంది. వరసగా అక్షరాలు చదువుతూ ఒక అక్షరం వచ్చినప్పుడల్లా చెయ్యి నొక్కమంటాం. రాస్ మైనస్ 3 గానీ, అంతకన్నా పైన గానీ ఉంటేనే అది చేయగలం. అంటే మత్తు స్కోరు తప్పయితే ఇదీ తప్పవుతుంది.

మేం మాట్లాడితే వింటాడా? ఏం మాట్లాడాలి?

వింటున్నాడనుకునే మాట్లాడండి. ఇంట్లో పిలిచే పేరుతో మొదలుపెట్టండి. ఈ రోజు ఏ వారమో, టైమెంతయిందో, ఎక్కడున్నాడో చెప్పండి. గేదె ఈనిందా, చెరువులో మేత వేశారా, మనవరాలు స్కూల్‌కి వెళ్లిందా, అలాంటివే చెప్పండి. ఏడవాలనిపిస్తే బయటికి వచ్చి ఏడవండి. అప్పులు, ఆసుపత్రి బిల్లు మంచం దగ్గర మాట్లాడొద్దు. మీరు పిలిచినప్పుడు కళ్లు తెరిస్తే, ఎంతసేపు చూశాడో సిస్టర్‌కి చెప్పండి. మేం పిలిస్తే లేవనివాడు మీ గొంతుకి లేవడం నేను చాలాసార్లు చూశాను, అది స్కోరులో చేరాలి.

## ఇంటికి వెళ్లాక

నెల దాటింది. నిద్రలో ఉలిక్కిపడి లేచి, చేతులు కట్టేశారంటాడు.

ఐసీయూలో మత్తు, డెలీరియం మధ్య గడిపినవారికి ముక్కలు ముక్కలుగా జ్ఞాపకాలు మిగులుతాయి. కొన్ని నిజం, కొన్ని కలలు. "అదేం లేదు, మర్చిపో" అనకండి. నిజంగా కట్టారు, ఎందుకు కట్టారో చెప్పండి. ఏ రోజు ఏం జరిగిందో మీరు ఒక నోటుబుక్కులో రాసి ఉంచితే అది చదివి వినిపించండి. కొన్ని దేశాల ఐసీయూల్లో నర్సులే ఇలాంటి డైరీ రాసి రోగికి ఇస్తారు. నెలలు గడిచినా నిద్ర పట్టకపోతే, ఆసుపత్రి పేరెత్తితేనే వణికితే మానసిక వైద్యుడికి చూపించండి.

చేతుల్లో బలం లేదు, పేర్లు మర్చిపోతున్నాడు. మత్తు మందు ఎక్కువ వాడటం వల్లేనా?

ఒక్క మందు మీద వేయలేం. తీవ్రమైన జబ్బు, కదలకుండా పడుకోవడం, డెలీరియం అన్నీ కలిసి కండరాలనూ జ్ఞాపకాన్నీ దెబ్బతీస్తాయి. చాలామందిలో నెలల మీద మెరుగుపడుతుంది. రోజూ నడిపించండి, మొదట గుమ్మం దాకా, తర్వాత వీధి చివరి దాకా. డిశ్చార్జ్ కాగితంలో వెంటిలేటర్ మీద ఎన్ని రోజులు ఉన్నాడో, ఏ మత్తు మందులు వాడారో, డెలీరియం వచ్చిందో లేదో రాయించుకోండి. ఆరు నెలల తర్వాత కాకినాడలోనో, విశాఖలోనో కొత్త డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు, ఆయన మొదట అడిగేవి ఇవే.